ఫిజీలో విసెయ్‌సెయ్ పల్లె: క్రూజ్ ఆగిన ఒక్కపూటలో చూసొచ్చాం, నా రివ్యూ

మొన్న సెప్టెంబర్ చివర్లో స్కూల్ సెలవులకి సిడ్నీ నుంచి ఫిజీకి క్రూజ్‌లో వెళ్ళొచ్చామండి. నేను, మావారు, మా ఏడేళ్ళ బాబు, ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్న, మొత్తం అయిదుగురం. షిప్ గురించీ అందులో తిండి గురించీ షోల గురించీ రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కాబట్టి అది నేను రాయను, పల్లె చూడ్డం గురించే రాస్తా. ఎందుకంటే ఒకే ట్రిప్‌లో రెండు రకాలుగా పల్లెలకి వెళ్ళాం, ఒకటి షిప్‌లో బుక్ చేసుకున్న టూర్, ఇంకోటి మా అంతట మేం టాక్సీ మాట్లాడుకుని, ఆ రెండింటికీ ఎక్కడా పొంతన లేదు.

ముందు బాగోనిది చెప్పేస్తా. మొదటి పోర్టులో షిప్ టూర్ తీసుకున్నాం, టూర్ పేరూ ఊరి పేరూ వద్దులెండి, ఊరివాళ్ళ తప్పేం లేదు అందులో. నలభై మందికి పైగా ఒక బస్సు, అలాంటి బస్సులు మూడు ఒకేసారి ఊళ్ళోకి. మూడు గంటల టూర్ అని రాశారు గానీ అందులో ఊళ్ళో ఉన్నది అరగంట దాటి ఉండదు, మిగతాదంతా బస్సు, మధ్యలో ఒక సావనీర్ షాపు. చాప మీద కూర్చోబెట్టారు, ఒకాయన్ని లేపి ఈయనే మీ నాయకుడు అన్నారు, కావా అనే వాళ్ళ వేరు పానీయం గిన్నె ఒకటి తిప్పారు, పాట, డాన్స్, అయిపోయింది లేవండి అన్నారు. మా బస్సులోవాళ్ళే కొందరు టోపీలు పెట్టుకుని, చెప్పులతో, ఎవరిదో ఇంటి గుమ్మంలోంచి లోపలికి ఫోన్ పెట్టి వీడియో తీస్తుంటే లోపల ఒక ముసలావిడ మొహం పక్కకి తిప్పుకుంది. మా నాన్న అది చూసి బస్సెక్కేదాకా మాట్లాడలేదు. ఎక్కాక ఒకటే మాట అన్నారు, "మన వీధిలోకి ఎవడైనా ఇలా వస్తే ఊరుకుంటామా అమ్మలూ" అని. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు నిజంగా.

అందుకే లౌటోకాలో షిప్ టూర్ వద్దనుకున్నాం. లౌటోకా అంటే వీతీ లేవు అనే పెద్ద దీవికి పడమటి పక్కన ఉన్న పోర్టు, షిప్ నేరుగా రేవుకే ఆనుతుంది, చిన్న పడవలెక్కి దిగే బాధ లేదు, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ఇది చాలా ముఖ్యం. దిగగానే ఒక వాసన వస్తుంది, మా అమ్మ వెంటనే "బెల్లం కాస్తున్నారెక్కడో" అంది. పోర్టు పక్కనే షుగర్ మిల్లు, 1903 నుంచి నడుస్తోంది, మేం వెళ్ళింది చెరుకు క్రషింగ్ టైమ్. చెరుకు లారీలు, బుల్లి పట్టాల మీద బుల్లి చెరుకు రైలు, మావాడు అక్కడే ఆగిపోయాడు కాసేపు.

రేవు గేటు బయట టాక్సీవాళ్ళు గుంపుగా ఉంటారు. కాస్త ముందుకెళ్ళి ఊళ్ళో స్టాండ్‌లో మాట్లాడుకున్నాం, వెళ్ళడం, అక్కడ ఆగడం, మధ్యలో మార్కెట్, తిరిగి రేవుకి, అన్నీ కలిపి ఒకే రేటు ముందే ఖాయం చేసుకున్నాం. మా అయిదుగురికీ కలిపి టాక్సీకి ఇచ్చింది, మొదటిరోజు షిప్ టూర్‌కి ఒక్క మనిషికి కట్టినదానికన్నా తక్కువ. డ్రైవర్ మనలాగే కనిపించాడు, యాభై అయిదేళ్ళు ఉంటాయేమో. మాట్లాడేది ఫిజీ హిందీ, అంటే భోజ్‌పురి, అవధి కలిసి దాంట్లో ఫిజీ మాటలు, ఇంగ్లీష్ మాటలు కలిసిన హిందీ. మా నాన్నని కాకా అని పిలవడం మొదలుపెట్టాడు. మీరెక్కడివాళ్ళు అంటే ఆంధ్రా అన్నాం, అంతే, కారు పక్కకి ఆపేశాడు.

వాళ్ళ ముత్తాత విశాఖపట్నం జిల్లా నుంచి వచ్చాడట. ఫోన్‌లో ఒక కాగితం ఫొటో చూపించాడు, ఎమిగ్రేషన్ పాస్, మద్రాసు రేవులో రాసింది, పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ ఎక్కడుందో కూడా. ఇంగ్లీష్ దొరలు వాళ్ళ చెవికి ఎలా వినబడితే అలా రాశారు కాబట్టి ఊరి పేరు ఎవరికీ అర్థం కావట్లేదట, కాకా మీరు చదవండి అని నాన్నకి ఇచ్చాడు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని పదినిమిషాలు పలికి చూసుకుని, నర్సీపట్నం వైపు అలాంటి పేరు ఒకటి విన్నట్టుంది గానీ గట్టిగా చెప్పలేను, ఇంటికెళ్ళి కనుక్కుని చెబుతా అని నంబర్ రాసుకున్నారు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫిజీకి కూలీలని తెచ్చిన మొదటి ఓడ లియోనిడాస్ 1879 మే 14న వచ్చింది, 1916 దాకా అరవై వేలమందికి పైగా వచ్చారు, అయిదేళ్ళ అగ్రిమెంట్ మీద, ఆ అగ్రిమెంటే జనం నోట్లో గిర్మిట్ అయింది. మద్రాసు రేవు నుంచి 1903లో మొదలైంది, అందులో తమిళులతో పాటు విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు వైపు తెలుగువాళ్ళూ ఉన్నారు. 1941లో వాళ్ళు ఇక్కడ ఆంధ్ర సంగం కూడా పెట్టుకున్నారు. మా డ్రైవర్‌కి తెలుగులో వచ్చింది నాలుగైదు మాటలే, నీళ్ళు, అన్నం, అమ్మ, రా. వాళ్ళ నాయనమ్మ అనేదట. మా అమ్మ ఆ తర్వాత దారంతా అతనితో తెలుగులోనే మాట్లాడింది, అతనికి అర్థం కాకపోయినా వింటూ కూర్చున్నాడు.

ఇక అసలు విషయం. ఊరికి వెళ్ళేముందు మార్కెట్‌కి తీసుకెళ్ళి యంగోనా కొనిపించాడు. బయట ప్రపంచం కావా అనేది వాళ్ళకి యంగోనా, మిరియాల జాతి మొక్క వేరు, మన తమలపాకు కూడా ఆ కుటుంబమే. ఎండిన వేళ్ళని అరకిలో కట్టగా కట్టి పేపర్లో చుట్టి ఇస్తారు, పైన రిబ్బను. ఊళ్ళోకి అడుగుపెట్టే కొత్తవాళ్ళు ఇది తెచ్చి పెద్దమనిషి ముందు పెట్టి, ఫలానావాళ్ళం, మీ ఊరు చూడ్డానికి వచ్చాం అని చెప్పుకోవాలి, వాళ్ళు తీసుకుంటే మీరు అతిథులు, దీన్ని సెవుసెవు అంటారు. డ్రైవర్ హిందీలో పెద్దగా వివరిస్తుంటే మా అమ్మ "తాంబూలం పుచ్చుకోవడం లాంటిదన్నమాట" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. నేను నెట్‌లో ఎంత చదివినా ఇంత తేలిగ్గా అర్థం కాలేదండి. షిప్ టూర్‌లో మేం పోగొట్టుకున్నది ఇదే, అక్కడ మా తరఫున ఎవరో డబ్బు కట్టారు, మేం చేతిలో ఏమీ లేకుండా ఒకళ్ళ వాకిట్లోకి నడిచి వెళ్ళిపోయాం.

విసెయ్‌సెయ్ లౌటోకా నుంచి నాండీ వెళ్ళే మెయిన్ రోడ్డులో ఉంటుంది, కారులో ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. వాళ్ళ కథల ప్రకారం మొదటి పూర్వీకులు కౌనితోని అనే పెద్ద పడవలో వచ్చి దిగింది ఈ వూండా ఒడ్డునే, వూండా అంటే మా మూలం అని అర్థం చెప్తారు, అందుకని ఫిజీలో మొదటి ఊరు ఇదే అని వాళ్ళ నమ్మకం. తవ్వకాల లెక్కల్లో ఈ దీవుల్లో మనుషులు దిగి దాదాపు 3000 ఏళ్ళు. 1987లో నెలరోజులు ప్రధానిగా ఉండి, మే 14నే సైనిక తిరుగుబాటులో పదవి పోగొట్టుకున్న డాక్టర్ తిమోథి బవాంద్రాది కూడా ఈ ఊరే. ఆయన ప్రభుత్వానికి భారతీయుల ఓట్లు ఎక్కువ పడ్డాయి. ఈ సంగతి చెప్తున్నప్పుడు మా డ్రైవర్ గొంతు తగ్గింది, ఆ ఏడాది తర్వాతే వాళ్ళ అన్నయ్యా బాబాయి కుటుంబాలూ సిడ్నీ వచ్చేశారట, ఇక్కడ సిడ్నీలోని లివర్‌పూల్ పేటలోనే ఉంటారు, మేం వారం వారం కూరలకి వెళ్ళే చోటే.

ఊరి గురించి ఒక మాట ముందే తెలుసుకుని వెళ్ళండి, గడ్డి కప్పు గుడిసెల వరసలు ఉంటాయనుకుంటే కాదు. సిమెంటు ఇళ్ళు, రేకుల ఇళ్ళు, బట్టలారేసిన తీగలు, స్కూలు నుంచి వచ్చే పిల్లలు, మనుషులు బతికే ఊరు. మధ్యలో పచ్చిక మైదానం, మెథడిస్టు చర్చి, 1835లో మిషనరీలు వచ్చి వందేళ్ళయిందని కట్టిన స్తంభం, దానికి ఎదురుగా ఊరి పెద్దది పాత పద్ధతి ఇల్లు, దాన్ని బూరే అంటారు. ఊరంతా గడ్డి ఇళ్ళే చూడాలంటే బా కొండల్లో నవాలా ఉంది, 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను అక్కడ చాలా ఇళ్ళు పడగొట్టేసినా మళ్ళీ కట్టుకున్నారు, కానీ అది కొండదారి, షిప్ ఆగిన ఒక్కపూటలో పరుగులు పెట్టుకుంటూ వెళ్ళొద్దని నా సలహా.

ఊరి మొదట్లోనే ఒకావిడ ఎదురొచ్చింది, బూలా అంది, మా అమ్మ రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టింది. టోపీలు, చలువ కళ్ళజోళ్ళు తీసేయాలి, బ్యాగు భుజానికి కాకుండా చేత్తో పట్టుకోవాలి, భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి. మావారు షార్ట్స్‌లో వచ్చారు కాబట్టి ఆవిడే ఒక సులు ఇచ్చి నడుముకి చుట్టించింది, అది అచ్చం మన లుంగీయే. నాన్న పంచెలో ఉన్నారు, ఆయన్ని చూసి ఆవిడ మెచ్చుకోలుగా తల ఊపింది. ఎవరి తలా తాకకూడదు, ముద్దొస్తున్నారని పిల్లల తల నిమరబోయేరు, వద్దు. కూర్చున్నవాళ్ళ ముందు నుంచి వెళ్ళేటప్పుడు వంగి "తులో" అనాలి, అంటే క్షమించండి అని. ఇవన్నీ రూల్స్ అనిపించలేదు మాకు, మా తాతగారింట్లో ఇలాగే ఉండేది.

సెవుసెవు ఒక ఇంట్లో చాప మీద జరిగింది. ఊరి బాధ్యత చూసే ఆయన్ని తురాంగా ని కోరో అంటారట, ఆయన, ఇంకో ఇద్దరు మగవాళ్ళు. మా తరఫున నాన్నని ముందు కూర్చోబెట్టారు, వయసులో పెద్ద కాబట్టి. మా డ్రైవర్ యంగోనా కట్ట రెండు చేతులతో ముందు పెట్టి ఫిజీ భాషలో చాలాసేపు మెల్లగా చెప్పాడు, అందులో ఆంధ్రా అనే మాట మాత్రం మాకు తెలిసింది. ఎదుటాయన కట్ట తాకి జవాబు చెప్పి చప్పట్లు కొట్టాడు. మామూలు చప్పట్లు కాదు, అరచేతులు గుల్లగా పెట్టి కొడితే బొంగురుగా శబ్దం వస్తుంది. తర్వాత తనోవా అనే నాలుగు కాళ్ళ చెక్క గిన్నెలో పొడి గుడ్డలో పెట్టి నీళ్ళలో పిసికారు, కొబ్బరి చిప్పలో ఇచ్చారు. తీసుకునేముందు ఒక చప్పట్టు, బూలా, ఆపకుండా తాగేయాలి, తర్వాత మూడు చప్పట్లు.

రుచి? మట్టి కలిసిన నీళ్ళకి మిరియం ఘాటు తగిలితే ఎలా ఉంటుందో అలా, కాసేపటికి నాలుక మొద్దుబారుతుంది, అక్కలకర్ర నమిలినట్టు. ఇది సారా కాదు, కాకపోతే లివర్ సమస్యలున్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు దూరంగా ఉండండి. నిండుగా వద్దనుకుంటే "లో టైడ్" అని చెప్పండి, సగమే పోస్తారు. అమ్మ అలాగే అడిగి మర్యాదకి పుచ్చుకుంది. నాన్న నిండు చిప్ప తాగారు, రెండోది కూడా.

ఇక అక్కడి నుంచి టైమ్ ఎలా పోయిందో తెలీలేదు. మా నాన్నది అంబాజీపేట దగ్గర కొబ్బరితోట, నలభై ఏళ్ళుగా ఆయన లోకం అదే. బూరేలో పైకి చూశారు, దూలాలకి ఒక్క మేకు లేదు, అన్నీ తాడుతో కట్టినవి, మంగిమంగి అంటారు, కొబ్బరి పీచు పేనిన తాడు. నలుపూ తవుడు రంగూ కలిపి ముగ్గులా అల్లి కట్టారు. నాన్న ఆ పెద్దాయన పక్కన చేరి, పీచు ఎన్నాళ్ళు నానబెడతారు, పచ్చి కాయదా ముదురు కాయదా, తొడ మీద పేనుతారా, ఒకటే ప్రశ్నలు. భాష లేదు, మధ్యలో డ్రైవర్ అనువాదం, కాసేపటికి అదీ అక్కర్లేకపోయింది, ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు. నాన్న ఒక పీచుపాయ తీసుకుని మన పద్ధతిలో పేని చూపించారు, ఆయన వాళ్ళ పద్ధతిలో మూడు పాయలు జడలా అల్లి చూపించాడు. మా నాన్న మొహంలో అంత వెలుగు నేను మా పెళ్ళి తర్వాత మళ్ళీ అప్పుడే చూశా.

అమ్మ వంటింటి వైపు వెళ్ళిపోయింది. అక్కడ రౌరౌ వండుతున్నారు, అంటే చేమాకు, కొబ్బరిపాలలో. దురద రాదా అని అమ్మ చేత్తో గీకి చూపిస్తే వాళ్ళు పగలబడి నవ్వి, బాగా ఉడకాలి అని చేత్తోనే చెప్పారు. చేమదుంపని దాలో అంటారు, మన చేతికన్నా పెద్ద దుంపలు. కర్రపెండలం, చిలగడదుంప, సీమపనస, అన్నీ మా కోనసీమ పెరట్లో ఉండేవే. అసలు విశేషం చీపురు, కొబ్బరీనెల చీపురు మూల నిలబెట్టి ఉంది, దాన్ని సాసా అంటారు, అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి "కట్టు కూడా మనదే" అంది.

మావాడు ఊరి పిల్లలతో మైదానంలో రగ్బీ బంతి పట్టుకుని పోయాడు, వాడి గురించి రాయడానికి ఏం లేదు, మళ్ళీ వచ్చింది బయల్దేరేటప్పుడే.

కొనడం గురించి. ఆడవాళ్ళు చాపలు పరిచి చిన్న వస్తువులు అమ్ముతారు, గవ్వల దండలు, అల్లిన విసనకర్రలు, మాసి అనే బెరడు గుడ్డ మీద వేసిన బొమ్మలు. ఎవరూ మీద పడరు, కొనమని వెంటపడరు. మాసి అంటే ఒకరకం మల్బరీ చెట్టు బెరడుని కొట్టి కొట్టి గుడ్డలా చేస్తారు, బ్రౌన్, నలుపు అచ్చులు. నగదు తీసుకెళ్ళండి, ఫిజీ డాలర్లు, చిన్న నోట్లు. ఊరు చూపించినావిడకి కూడా విడిగా ఇవ్వాలి, ముందే అడిగి ఇచ్చేయండి. కొన్న చెక్క, గడ్డి, గవ్వ వస్తువులన్నీ సిడ్నీలో దిగేటప్పుడు కార్డు మీద డిక్లేర్ చేయండి, చూసి చాలావరకు ఇచ్చేస్తారు, దాస్తే మాత్రం పెద్ద ఫైన్.

దారిలో తిరిగొస్తూ డ్రైవర్ ఇంకో సంగతి చెప్పాడు. దేశంలో నూటికి ఎనభైకి పైగా భూమి స్థానిక ఫిజీ వంశాలదే, అమ్మడానికి లేదు, భారతీయులు లీజుకి తీసుకుని చెరుకు పండిస్తారు. వీళ్ళ ఇంటి లీజు ముప్ఫై ఏళ్ళు అయిపోయాక మళ్ళీ ఇవ్వలేదు, అందుకే టాక్సీ. మరి ఆ ఊళ్ళో నువ్వంత చనువుగా ఎలా ఉన్నావయ్యా అని నాన్న అడిగితే, "కాకా, భూమి వేరే విషయం, వాళ్ళతో కలిసి చదువుకున్నా, మా నాన్న పోయినప్పుడు పొయ్యి వెలిగించి వండిపెట్టింది వాళ్ళే" అన్నాడు. షిప్ టూర్‌లో ఇలాంటి మాట ఎవరు చెప్తారండీ.

పద్ధతి ప్రకారం నష్టాలు కూడా చెప్పాలి. సొంతంగా వెళ్తే షిప్ మీకోసం ఆగదు, వాళ్ళ టూర్ బస్సు లేటైతే ఆగుతుంది, మనం లేటైతే వెళ్ళిపోతుంది. మేం చివరి టైమ్‌కి రెండు గంటల ముందే రేవులో ఉన్నాం, మీరూ అంతే చేయండి. ఆదివారం అయితే ఊళ్ళకి వెళ్ళకండి, వాళ్ళకి అది చర్చి రోజు, బయటివాళ్ళు రావడం ఇష్టపడరు, బుక్ చేసేముందే షిప్ ఏ వారం ఆగుతుందో చూసుకోండి. ఊరి టాయిలెట్లు మామూలుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి చాప మీద చాలాసేపు కూర్చోవడం కష్టం, మా అమ్మకి వాళ్ళే స్టూల్ తెచ్చారు. ఇంకో ముఖ్యమైనది, విజిటర్ వీసా మీద ఉన్న అమ్మానాన్నలకి మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో చూసుకోండి, సింగిల్ ఎంట్రీ అయితే క్రూజ్ నుంచి తిరిగి రావడానికి ఇబ్బంది రావచ్చు, బుక్ చేసేముందే కనుక్కోండి.

రేటింగ్ అంటే, షిప్ టూర్‌కి 5కి 2, అదీ ఆ ఊళ్ళో పాడిన పిల్లల కోసం. విసెయ్‌సెయ్‌కి 5కి 5. మూడు గంటలు మాత్రం చాలలేదు, వచ్చేసారి క్రూజ్ కాదు, సిడ్నీ నుంచి నాండీకి ఫ్లైట్‌లో నాలుగు గంటలు, నాలుగు రోజులుండి నవాలా కూడా చూడాలని మావారు ఇప్పటినుంచే లెక్కలు వేస్తున్నారు. నాన్న ఇండియా వెళ్ళగానే నర్సీపట్నంలో తెలిసినవాళ్ళకి ఆ పాస్ ఫొటో పంపారు, ముగ్గురు మూడు ఊళ్ళ పేర్లు చెప్పారు, మూడూ రాసి డ్రైవర్‌కి మెసేజ్ పెట్టాం, అందులో రెండోది వాళ్ళ నాయనమ్మ నోట విన్నట్టే ఉందని నిన్న జవాబొచ్చింది.